జనరేటివ్ ఏఐ కాలంలో సాఫ్ట్‌వేర్ రచన

మనిషి మామూలు మాటల్లో చెప్పిన అవసరాన్ని చదివి, దానికి తగిన ప్రోగ్రామును తానే రాసిపెట్టే కృత్రిమ మేధను సాఫ్ట్‌వేర్ రంగంలో జనరేటివ్ ఏఐ అంటున్నారు. 2021లో అర్ధంతరంగా ఆగిన వరుసను పూర్తిచేసే సాయంగా మొదలైన ఈ పరికరం, నాలుగేళ్లు తిరిగేసరికి ప్రాజెక్టు మొత్తాన్ని చదివి, తప్పు ఎక్కడుందో వెతికి, దిద్ది, పరీక్షించి, ఆ మార్పును సమీక్షకు పంపే స్థాయికి ఎదిగింది. ప్రోగ్రామును రాయడం, దాన్ని అర్థం చేసుకోవడం అనే రెండు పనులూ డెబ్బై ఏళ్లుగా ఒకే మనిషి చేతిలో, ఒకేసారి జరుగుతూ వచ్చాయి. రాస్తుండగానే అర్థమయ్యేది. ఇప్పుడు ఆ రెండూ విడిపోయాయి. ఈ రంగంలో వేగం గురించి, తప్పుల గురించి, ఉద్యోగాల గురించి, చదువు గురించి సాగుతున్న చర్చలన్నీ చివరికి ఈ విడిపోవడం దగ్గరికే వస్తాయి.

ముందు నడిచిన దారి

యంత్రం చేతనే ప్రోగ్రాములు రాయించాలన్న కోరిక కంప్యూటరు పుట్టిన కొద్దికాలానికే పుట్టింది. గ్రేస్ హాపర్ 1952లో ఏ-జీరో అనే తొలితరం కంపైలరును తయారుచేసిన రోజుల్లో ఆ పనిని ‘ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్’ అనే పిలిచేవారు. 1957లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం విడుదల చేసిన ఫోర్ట్రాన్, గణిత సూత్రాల్లా కనిపించే వరుసలను తీసుకుని యంత్రభాషలోకి మార్చేది. ఆ తర్వాత రెండేళ్లకు రూపుదిద్దుకోవడం మొదలైన కోబాల్‌ను వ్యాపార సంస్థల్లోని వాళ్లు ఇంగ్లిషు వాక్యాల్లా చదువుకోగలగాలన్నది దాని రూపకర్తల ఆశ. ఇలా మెట్టుమెట్టుకూ యంత్రం మనిషి వైపు జరుగుతూ వచ్చింది. ఇక ప్రోగ్రామర్లతో పనిలేదన్న జోస్యం ప్రతి మెట్టు దగ్గరా వినిపించింది. ప్రతిసారీ వాళ్ల సంఖ్య పెరిగింది.

అయితే కంపైలరుకూ ఇప్పటి ఏఐకీ మధ్య మౌలికమైన తేడా ఒకటుంది. ఒకే ప్రోగ్రామును కంపైలరుకు వందసార్లు ఇచ్చినా వందసార్లూ అదే అర్థం గల యంత్రభాష వస్తుంది. అందుకే లోపల ఏం జరుగుతోందో చూడకుండానే ప్రోగ్రామర్లు దాన్ని నమ్మగలిగారు. ఏఐని ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే రెండు వేర్వేరు ప్రోగ్రాములు రావచ్చు, వాటిలో ఒకటి తప్పూ కావచ్చు. డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1978లో రాసిన ఒక చిన్న వ్యాసంలో, మామూలు భాషలో ప్రోగ్రాములు రాయాలన్న ఆలోచనను గట్టిగా వ్యతిరేకించారు. ప్రోగ్రామింగ్ భాషల కరకుదనం మనకు భారంగా కనిపించినా, అర్థంలేని మాట చెప్పకుండా మనల్ని ఆపేది అదేనని ఆయన వాదన. నేటి పరికరాలను ఆయన చూడలేదు. వాటిని రోజూ వాడేవాళ్లకు మాత్రం ఆ వాదన ఇప్పుడు మరింత బాగా అర్థమవుతోంది.

కోడ్ ఎందుకు లొంగింది

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన అబ్రామ్ హిండిల్, ప్రేమ్ దేవన్‌బు తదితరులు 2012లో ఒక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టారు. జనం రాసే ప్రోగ్రాముల్లో పునరుక్తి చాలా ఎక్కువ. గణాంకాల లెక్కన చూస్తే, ఇంగ్లిషు వచనంలో తర్వాతి మాటను ఊహించడం కన్నా కోడ్‌లో తర్వాతి మాటను ఊహించడమే సులువు. ఫైలు తెరవడం, జాబితాను వరుసలో పెట్టడం, డేటాబేసును ప్రశ్న అడగడం వంటి పనులను ప్రపంచమంతటా లక్షలమంది దాదాపు ఒకేలా రాస్తారు కాబట్టి ఇందులో వింత లేదు. ఈ పరిశోధన జరిగిన ఐదేళ్లకు, 2017లో, గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అనే నాడీజాల నిర్మాణాన్ని ప్రకటించారు. పెద్ద భాషా నమూనాలు దాదాపు అన్నీ దాని మీదే నిలబడ్డాయి.

నమూనా పని సూత్రం చెప్పుకోవడానికి చిన్నది. పాఠాన్ని టోకెన్లు అనే తునకలుగా విడగొడతారు. ఇప్పటిదాకా వచ్చిన తునకలను బట్టి తర్వాతిది ఏదయ్యే అవకాశం ఎక్కువో నమూనా లెక్కగడుతుంది. దాన్ని రాసి, మళ్లీ లెక్కగడుతుంది. గిట్‌హబ్ లాంటి చోట్ల బహిరంగంగా ఉన్న కోట్లాది ఫైళ్ల మీద శిక్షణ పొందాక ఈ ఊహ ఎంత పదునెక్కిందంటే, ఫంక్షన్ పేరూ దాని పని చెప్పే ఒక వాక్యమూ ఇస్తే చాలు, లోపలి వరుసలన్నీ అదే అల్లేస్తుంది.

కోడ్‌కు మరో సౌలభ్యం ఉంది, అసలు కీలకం అదే. కవిత బాగుందో లేదో తేల్చడానికి యంత్రం దగ్గర కొలబద్ద లేదు. ప్రోగ్రామునైతే నడిపి చూడవచ్చు. పరీక్షలు నెగ్గిందా, లేదా? ఈ జవాబునే ప్రతిఫలంగా చూపించి నమూనాకు మళ్లీమళ్లీ తర్ఫీదు ఇవ్వవచ్చు. మనిషి కూర్చుని మార్కులు వేయనక్కరలేదు. జనరేటివ్ ఏఐ తక్కిన రంగాల కన్నా ప్రోగ్రామింగ్‌లో ఇంత వేగంగా ముందుకు పోవడానికి ఇదొక ప్రధాన కారణం. దీని మరో ముఖం కూడా గుర్తుంచుకోవాలి. పరీక్షలకు అందే గుణాలు పెరుగుతాయి. పదేళ్ల తర్వాత ఈ కోడ్‌ను మార్చడం ఎంత తేలిక, వాడుకరి అసలు అడగాలనుకున్నది ఇదేనా వంటివి పరీక్షకు అందవు కాబట్టి అంతగా పెరగవు.

కోపైలట్ నుంచి ఏజెంట్ల దాకా

2021 జూన్ 29న గిట్‌హబ్ సంస్థ, కోడ్ వరుసలను పూర్తిచేసే కోపైలట్‌ను ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. దాని వెనకనున్న నమూనా ఓపెన్‌ఏఐ తయారుచేసిన కోడెక్స్. ఆ తర్వాతి నెలలో వచ్చిన కోడెక్స్ పరిశోధన పత్రంలో హ్యూమన్‌ఎవాల్ అనే 164 చిన్న లెక్కల పరీక్ష ఉంది. మొదటి ప్రయత్నంలోనే కోడెక్స్ 28.8 శాతం లెక్కలు చేసింది. అంతకు ముందటి సంవత్సరం సంచలనమైన జీపీటీ-3 ఆ పరీక్షలో ఒక్క లెక్కా చేయలేకపోయింది. ఒక్కో లెక్కకు వందేసి ప్రయత్నాలు ఇస్తే కోడెక్స్ 70.2 శాతానికి చేరింది. సరైన జవాబు దానికి తెలుసు, ఏది సరైనదో మాత్రం తెలియదు అన్నమాట. 2022 జూన్‌లో కోపైలట్ నెలకు 10 డాలర్ల చందాతో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అదే ఏడాది డీప్‌మైండ్ ఆల్ఫాకోడ్‌ను ప్రకటించింది. కోడ్‌ఫోర్సెస్ ప్రోగ్రామింగ్ పోటీల్లో అది సగటు పోటీదారు స్థాయిలో నిలిచింది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ప్రోగ్రామర్ల అలవాట్లే మారిపోయాయి. అంతదాకా సందేహం వస్తే స్టాక్ ఓవర్‌ఫ్లోలో వెతికేవాళ్లు. 2008 నుంచి ఆ వేదిక ఈ వృత్తికి ఉమ్మడి నోట్‌బుక్. చాట్‌జీపీటీ వచ్చిన వారం తిరగకుండానే, చూపుకు సరిగ్గా ఉండి లోపల తప్పులున్న జవాబులు వెల్లువెత్తుతున్నాయంటూ ఏఐ రాసిన జవాబులను అక్కడ నిషేధించారు. నిషేధం నిలిచింది కానీ ప్రశ్నలు అడిగేవాళ్లే తగ్గిపోతూ వచ్చారు. ఏఐ నేర్చుకున్న పాఠాల్లో ఎన్నో ఆ వేదిక మీద మనుషులు ఓపిగ్గా రాసినవే. కొత్త ప్రశ్నలు అక్కడికి రాకపోతే రేపటి పాఠాలు ఎక్కడి నుంచి వస్తాయన్నది తీవ్రంగా ఆలోచించాల్సిన సంగతి.

తర్వాతి దశ ఏజెంట్లది. 2023 అక్టోబరులో ప్రిన్స్‌టన్ తదితర విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఎస్‌డబ్ల్యుఈ-బెంచ్ అనే కొత్త పరీక్ష పెట్టారు. ఇందులో చిన్న లెక్కలు లేవు. పేరున్న 12 పైథాన్ ప్రాజెక్టుల్లో నిజంగా నమోదైన 2,294 సమస్యలను ఏరి, ప్రాజెక్టు మొత్తం చేతికిచ్చి, సరిచేయమన్నారు. అప్పటి మేటి నమూనా 1.96 శాతమే చేయగలిగింది. ఇదే పరీక్ష నుంచి మనుషులు జల్లెడపట్టి ఎంచిన 500 సమస్యల మీద 2025లో ముందువరస నమూనాలు 70 శాతం దాటాయి. ఈ ఎదుగుదలకు నమూనాల తెలివి ఒక్కటే కారణం కాదు, వాటికి చేతులు కూడా ఇచ్చారు. ఫైళ్లు తెరవడం, వెతకడం, ఆదేశాలు నడపడం, వచ్చిన దోషసందేశాన్ని చదివి మళ్లీ ప్రయత్నించడం వాటికి నేర్పారు. కర్సర్ వంటి ఎడిటర్లు, 2024 మార్చిలో కాగ్నిషన్ సంస్థ చూపిన డెవిన్, 2025లో ఆంత్రోపిక్ తెచ్చిన క్లాడ్ కోడ్, ఓపెన్‌ఏఐ కోడెక్స్ ఏజెంటు, గూగుల్ జెమినై సీఎల్‌ఐ అన్నీ ఈ కోవలోవే.

2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కార్పతీ ‘వైబ్ కోడింగ్’ అనే మాట పుట్టించారు. కోడ్ అనేది ఉందన్న సంగతే మరిచి, కావలసింది చెబుతూ, వచ్చింది నడిపి చూసుకుంటూ పోవడం దాని అర్థం. వారాంతంలో సరదాగా చేసుకునే పనుల గురించి ఆయన అన్న ఆ మాటను ఏడాది తిరగకముందే కాలిన్స్ నిఘంటువు ఆ సంవత్సరపు పదంగా ఎంచుకుంది. ఈలోగా దాని అర్థం కూడా పాకి, ఏఐతో చేసే ప్రోగ్రామింగ్ అంతటికీ అంటుకుంది. చదివి, పరీక్షించి, బాధ్యత తీసుకుని చేసే పనికి ఆ పేరు తగదు.

వేగం ఎంత?

2024 అక్టోబరులో గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ తమ సంస్థలో కొత్త కోడ్‌లో పావువంతుకు పైగా ఏఐ రాస్తోందని, ఇంజినీర్లు దాన్ని సమీక్షించి ఆమోదిస్తున్నారని చెప్పారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో పుట్టిపెరిగిన మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల తమ దగ్గర అది 20 నుంచి 30 శాతం దాకా ఉంటుందన్నారు. పెద్ద అంకెలే. కానీ ఎంత కోడ్ ఏఐ రాసిందన్నది పని ఎంత త్వరగా అయిందో చెప్పదు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు వెతికిన ప్రయోగాలు ఒకదానితో ఒకటి పొసగవు. 2023లో మైక్రోసాఫ్ట్, గిట్‌హబ్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో 95 మంది ప్రోగ్రామర్లకు జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న సర్వరు రాసే పని ఇచ్చారు. కోపైలట్ వాడినవాళ్లు 55.8 శాతం తక్కువ సమయంలో ముగించారు. 2025 జూలైలో మీటర్ అనే పరిశోధన సంస్థ వెలువరించిన ప్రయోగంలో సరిగ్గా దీనికి ఎదురు ఫలితం వచ్చింది. అందులో 16 మంది అనుభవజ్ఞులు తాము ఏళ్ల తరబడి పనిచేస్తున్న పెద్ద ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల్లో 246 పనులు చేశారు. ఏఐ వాడవచ్చన్న పనులకు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. మొదలుపెట్టే ముందు 24 శాతం వేగం పెరుగుతుందనుకున్నారు. అంతా అయ్యాక కూడా 20 శాతం పెరిగిందనే నమ్మారు.

ఈ రెండు ప్రయోగాలూ అబద్ధం చెప్పడం లేదు. మొదటిదాంట్లో ఖాళీ కాగితం, ఎవరికైనా ఒకేలా ఉండే పని. రెండోదాంట్లో లక్షల వరుసల పాత ఇల్లు, ఏ గోడ వెనక ఏ తీగ ఉందో తెలిసిన పాత కాపులు. వాళ్ల తలలో ఉన్నదాన్ని ఏఐకి వివరించి, అది ఇచ్చినదాన్ని చదివి దిద్దేలోగా తామే రాసుకుంటే పని అయిపోయేది. పరికరాలు అప్పటికీ ఇప్పటికీ చాలా మారాయి కనుక ఆ 19 శాతాన్ని శాశ్వతమైన అంకెగా తీసుకోనక్కరలేదు. కానీ అనుభవజ్ఞులు సైతం తమ వేగాన్ని తాము తప్పుగా అంచనా వేసుకున్నారన్నది ఆ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. టైపు చేసే శ్రమ తగ్గితే సమయం తగ్గినట్టే అనిపిస్తుంది.

తిరుగులేని లాభం కనిపించే చోట్లూ ఉన్నాయి. 2024 ఆగస్టులో అమెజాన్ అధిపతి ఆండీ జాస్సీ, తమ జావా ప్రోగ్రాములను కొత్త వెర్షన్‌కు మార్చే పనిలో 4,500 మంది డెవలపర్లు ఏడాదిపాటు చేయాల్సిన శ్రమ ఏఐతో మిగిలిందని చెప్పారు. ఎవరూ ఇష్టపడని, తప్పనిసరి, నియమాలు స్పష్టంగా ఉన్న పని అది. పరీక్షలు రాయడం, ఒక భాష నుంచి మరో భాషకు తర్జుమా, కొత్త లైబ్రరీని (ఇతరులు రాసిపెట్టిన సిద్ధ కోడ్‌ను) పరిచయం చేసుకోవడం, నాలుగు రోజులు వాడి పక్కన పడేసే చిన్న పరికరాలు కూడా ఇదే కోవకు వస్తాయి.

దాదాపు సరైన కోడ్

2025 స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో 84 శాతం మంది ఏఐ పరికరాలు వాడుతున్నామనో, వాడబోతున్నామనో చెప్పారు. వాటి జవాబుల మీద నమ్మకం లేదన్నవాళ్లు 46 శాతం. ఎక్కువమంది చెప్పుకున్న బాధ ఒకటే: వచ్చే కోడ్ దాదాపు సరిగ్గా ఉంటుంది, పూర్తిగా ఉండదు. పూర్తిగా తప్పయితే నడిపిన వెంటనే బయటపడుతుంది. దాదాపు సరైనదాన్ని మనిషే పట్టాలి.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఒకటి చూద్దాం. ఒక మాటను తిరగేసి రాసే ప్రోగ్రాము కావాలని అడిగితే పైథాన్‌లో ఒక్క వరుస చాలు. ఇంగ్లిషు మాటలకు అది చక్కగా పనిచేస్తుంది, రాసుకున్న పరీక్షలన్నీ నెగ్గుతుంది. దానికే ‘తెలుగు’ అనే మాట ఇస్తే? మనం చదివేది మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో అవి ఆరు సంకేతాలు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. పొడవెంత అని అడిగితే పైథాన్ ఆరు అంటుంది. తిరగేస్తే చివరి కొమ్ము అన్నిటికన్నా ముందుకొచ్చి, అంటుకోవడానికి హల్లు లేక వేలాడుతుంది, త మీదుండాల్సిన ఎత్వం ల మీదికి పోతుంది. ‘గులుతె’ రావాల్సిన చోట దిక్కులేని ఒక కొమ్మూ, దాని వెనక ‘గులెత’ వస్తాయి. మాటలను తిరగేసే అవసరం అరుదు కావచ్చు. ఫారంలో పేరును ఇన్ని అక్షరాలకు కత్తిరించడం, సందేశాన్ని కుదించడం, రెండు పేర్లు ఒకటేనా అని పోల్చడం మాత్రం రోజూ జరిగేవే, వాటన్నిటిలోనూ ఇదే గొయ్యి ఉంది. తెలుగు అక్షరాల సంగతి చూసుకోమని ముందే చెబితే నేటి నమూనాలు దీన్ని సరిగ్గానే రాస్తాయి. చెప్పాలని తెలియడమే ఇక్కడ నైపుణ్యం. ఇంటిపేరు ముందొచ్చే మన పేర్లను ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ గళ్లలో ఇరికించే ఫారాల బాధ పడినవాళ్లకు ఈ మాట వేరే వివరించనక్కరలేదు.

భద్రత విషయంలో ఈ గొయ్యి ఇంకా లోతు. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో కోపైలట్‌తో 89 సందర్భాల్లో 1,689 ప్రోగ్రాములు రాయించి చూస్తే దాదాపు 40 శాతంలో భద్రతా లోపాలు కనిపించాయి. మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో ఏఐ సాయం తీసుకున్నవాళ్లు తక్కువ భద్రమైన కోడ్ రాశారు, పైగా తమ కోడ్ భద్రమైనదన్న నమ్మకం వాళ్లలోనే ఎక్కువగా ఉంది. ఇక లేని లైబ్రరీలను నమూనాలు ఉన్నట్టు చెప్పడం మరో రకం ముప్పు. 2024లో జరిగిన ఒక అధ్యయనం 16 నమూనాలతో 5,76,000 కోడ్ ముక్కలు రాయించగా, అవి సిఫారసు చేసిన లైబ్రరీల్లో 19.7 శాతం అసలు లేనే లేవు. అలా ఊహించిన పేరుతోనే ఒక దుర్మార్గుడు నిజంగా లైబ్రరీ తయారుచేసి పెడితే, సలహాను నమ్మినవాళ్లంతా దాన్ని తమ చేతులతో ఇంట్లోకి తెచ్చుకుంటారు. ఈ పన్నాగానికి ‘స్లాప్‌స్క్వాటింగ్’ అనే పేరు కూడా స్థిరపడింది.

ఏజెంట్ల చేతికి అధికారాలు ఇచ్చాక తప్పు కోడ్ దగ్గర ఆగదు. 2025 జూలైలో రెప్లిట్ అనే ప్రోగ్రామింగ్ వేదిక మీద ఒక ఏఐ ఏజెంటు, మార్పులేమీ చేయవద్దని చెప్పివుంచిన సమయంలోనే ఒక వాడుకరి అసలు డేటాబేసును చెరిపేసింది. ఆ సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పారు, ప్రయోగాల డేటాబేసునూ అసలుదాన్నీ వేరుచేసే ఏర్పాటు తెచ్చారు. కొత్తగా చేరిన ఉద్యోగికి మొదటి రోజే అసలు డేటాబేసు తాళం ఇవ్వకూడదన్న పాత నియమాన్ని ఈ రంగం మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

నిదానంగా పేరుకునే చెడు కూడా ఉంది. కోట్లాది వరుసల మార్పులను గమనించే గిట్‌క్లియర్ సంస్థ లెక్కల ప్రకారం 2021 నుంచి 2024 మధ్య నకలు వరుసల వాటా 8.3 శాతం నుంచి 12.3 శాతానికి పెరిగింది, ఉన్న కోడ్‌ను సర్ది పొందికగా పెట్టే పని బాగా తగ్గింది. ఒకేలాంటి ఫంక్షన్ పాత ఫైలులో ఉందో లేదో వెతకడం కన్నా కొత్తది పుట్టించడం తేలికయింది మరి.

ప్రోగ్రామర్ తలలో ఉండేది

డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో రాసిన ఒక వ్యాసం నలభై ఏళ్ల తర్వాత మళ్లీ అందరి నోటా వినిపిస్తోంది. ప్రోగ్రామింగ్ అంటే ఒక సిద్ధాంతాన్ని కట్టుకోవడమని ఆయన ప్రతిపాదన. లోకంలోని ఏ పనికి ప్రోగ్రాములోని ఏ భాగం జవాబు, అది అలాగే ఎందుకుంది, మరోలా ఎందుకు లేదు, కొత్త అవసరం వస్తే ఎక్కడ చేయి పెట్టాలి అన్న అవగాహనే ఆ సిద్ధాంతం. అది రాసినవాళ్ల తలలో ఉంటుంది. కోడూ పత్రాలూ దాని ఆనవాళ్లు మాత్రమే. ఇందుకు ఆయన ఒక కంపైలరు కథ చెప్పారు. దాన్ని కట్టిన బృందం మరో బృందానికి పూర్తి కోడ్, వివరమైన పత్రాలు, సలహాలు అన్నీ ఇచ్చింది. అయినా రెండో బృందం ప్రతిపాదించిన మార్పులు ఆ నిర్మాణపు బలాన్ని వాడుకోకపోగా దాన్ని పాడుచేసేవిగా తేలాయి. మొదటి బృందానికి అది చూడగానే తెలిసింది, అందమైన పరిష్కారం వెంటనే తోచింది.

ఏఐ రాసిన కోడ్ పుట్టుకతోనే ఆ రెండో బృందం చేతిలో ఉన్న కోడ్ లాంటిది. దాని సిద్ధాంతం ఏ తలలోనూ లేదు. సంభాషణ ముగియగానే నమూనా ఆ తర్కాన్ని మరిచిపోతుంది. అందుకే ఏఐతో బాగా పనిచేస్తున్న ప్రోగ్రామర్లు కొత్త అలవాట్లు చేసుకుంటున్నారు. ముందుగా ఏం కావాలో, ఏది కూడదో రాసుకుంటారు. ప్రాజెక్టు నియమాలను ఏజెంటు ప్రతిసారీ చదివే ఒక ఫైలులో పెడతారు. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్క తర్వాత ఆగి చదువుతారు. పరీక్షలు తామే ఆలోచించుకుంటారు, ఎందుకంటే కోడ్‌నూ పరీక్షలనూ ఒకే నమూనా రాస్తే దాని అపోహ రెండింటిలోనూ ఒకేలా దూరుతుంది. వాక్యనిర్మాణం, లైబ్రరీ ఆదేశాల పేర్లు గుర్తుపెట్టుకోవడం వంటి వాటి విలువ పడిపోయింది. ఇతరుల కోడ్ చదవడం, తప్పు మూలం పట్టడం, నిర్మాణం గురించి తీర్పు చెప్పడం, వాడుకరి అవసరాన్ని విడమరిచి అడిగి తెలుసుకోవడం వంటి వాటి విలువ పెరిగింది.

ఇవన్నీ ఒకప్పుడు సీనియర్ల పనులు. ఐదారేళ్లు కోడ్ రాసి రాసి అబ్బిన పనులు. ఇప్పుడు మొదటి రోజు నుంచే అవి కావాలంటున్నారు, అవి అబ్బే దారిని మాత్రం యంత్రానికి అప్పగించారు. ఈ విషయంలో నా కలవరమంతా ఇక్కడే.

నేర్చుకునేవాళ్లు

2022లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయ అధ్యాపకులు తమ మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ ప్రశ్నపత్రాలను కోడెక్స్‌కు ఇస్తే, దాని మార్కులు తరగతిలో పై పావువంతు విద్యార్థులతో సమానంగా వచ్చాయి. అప్పటి నుంచి ఇంటిపని మీద ఆధారపడిన మార్కుల విధానం పునాది కదిలింది. కొన్నిచోట్ల మౌఖిక పరీక్షలు, కాగితం మీద రాసే పరీక్షలు తిరిగి వచ్చాయి. హార్వర్డ్ సీఎస్50 పాఠ్యక్రమంలో 2023 నుంచి సొంతంగా ఒక ఏఐ బాతును పెట్టారు. తప్పు దొరక్కపోతే బల్ల మీది రబ్బరు బాతుకు కోడ్ వివరించుకునే పాత అలవాటు ప్రోగ్రామర్లలో ఉంది, ఆ పేరు అక్కడిదే. ఆ బాతు జవాబు చేతికివ్వదు, జవాబు వైపు నడిపిస్తుంది.

ఈ పట్టింపు ఎందుకో 2026 జనవరిలో ఆంత్రోపిక్ పరిశోధకులే ప్రచురించిన ఒక ప్రయోగం చూపించింది. 52 మంది ప్రోగ్రామర్లకు పరిచయం లేని ఒక పైథాన్ లైబ్రరీతో పని ఇచ్చారు. ఏఐ సాయం ఉన్నవాళ్లు చెప్పుకోదగినంత ముందుగా ఏమీ ముగించలేదు. తర్వాత పెట్టిన పరీక్షలో వాళ్ల సగటు 50 శాతం, చేత్తో రాసినవాళ్ల సగటు 67. ఎక్కువ తేడా తప్పులు వెతికే ప్రశ్నల్లో వచ్చింది. అయితే ఏఐ వాడినవాళ్లంతా ఒకేలా లేరు. కోడ్ రాసిపెట్టమని వదిలేసినవాళ్లు వెనకబడ్డారు. ఇది ఇలా ఎందుకు పనిచేస్తుందని అడిగి తెలుసుకుంటూ రాసినవాళ్లు మంచి మార్కులు తెచ్చుకున్నారు.

కొలువులు, హైదరాబాద్

స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు 2025 ఆగస్టులో అమెరికా జీతాల రికార్డులను పరిశీలించి ఒక పత్రం వెలువరించారు. 22 నుంచి 25 ఏళ్ల వయసు సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి గరిష్ఠం నుంచి 2025 జూలైకి దాదాపు 20 శాతం తగ్గాయి. వాళ్లకన్నా పెద్దవాళ్లకు అలా జరగలేదు. వడ్డీరేట్లు, కరోనా కాలంలో అతిగా జరిగిన నియామకాలు కూడా కారణాలే కావచ్చన్న వాదన ఉంది, అది కొట్టిపారేయదగింది కాదు. మన దేశంలో 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 2 శాతం, అంటే 12,000 మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించింది. ఏఐ వల్ల పెరిగిన ఉత్పాదకత దీనికి కారణం కాదని, నైపుణ్యాలు పొసగకపోవడమేనని సంస్థ అధిపతి చెప్పారు.

తెలుగు నేల మీద ఈ ప్రశ్న ఇంటింటి ప్రశ్న. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక పాతికేళ్లలో హైదరాబాద్ సేవారంగం పిరమిడ్ ఆకారంలో పెరిగింది. కింద వేలాదిమంది ఫ్రెషర్లు, పైన కొద్దిమంది ఆర్కిటెక్టులు. కింది వరసకు ఇచ్చే తొలి పనులు ఏవంటే చిన్న బగ్గులు దిద్దడం, టెస్ట్ కేసులు రాయడం, పాత కోడ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడం, సపోర్ట్ టికెట్లు చూడడం. ఏఐ నేడు బాగా చేస్తున్నవి సరిగ్గా ఇవే. ఆ పనులకు క్లయింటు గంటల లెక్కన డబ్బు ఇస్తాడు కాబట్టి, గంటలు తగ్గితే బిల్లూ తగ్గుతుంది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు ఇన్నేళ్లూ ఆ కింది వరసకు మనుషులను సిద్ధం చేశాయి. జిల్లాల నుంచి వచ్చి, హాస్టల్ గదిలో నలుగురితో సర్దుకుని, మూడు నెలల్లో జావానో టెస్టింగో నేర్చుకుని కొలువు పట్టినవాళ్ల తొలి జీతంతో ఎన్నో కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. ఒక భాష ఆదేశాలు వచ్చినంత మాత్రాన తలుపు తెరుచుకునే రోజులు పోతున్నాయి. సంస్థలు తొలి మెట్టు తీసేస్తే పదేళ్ల తర్వాత సీనియర్లు ఎక్కడి నుంచి వస్తారన్న దానికి ఏ బ్యాలెన్స్ షీటూ ఇప్పుడే జవాబు చెప్పదు.

హక్కులు, బాధ్యతలు

బహిరంగ కోడ్ మీద నమూనాలకు శిక్షణ ఇవ్వవచ్చా అన్న వివాదం 2022 నవంబరులో అమెరికా కోర్టుకు చేరింది. గిట్‌హబ్, మైక్రోసాఫ్ట్, ఓపెన్‌ఏఐల మీద కొందరు ప్రోగ్రామర్లు వేసిన ఆ దావాలో చాలా ఆరోపణలను కోర్టు కొట్టివేసింది, లైసెన్సు ఉల్లంఘన వంటివి కొన్ని మిగిలాయి. మనిషి సృజన లేకుండా పూర్తిగా యంత్రం రాసినదానికి కాపీరైటు ఉండదని అమెరికా కాపీరైట్ కార్యాలయం వైఖరి. ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల నిర్వాహకులకు మరో బాధ వచ్చిపడింది. ప్రపంచమంతా డేటా బదిలీకి వాడే కర్ల్ ప్రాజెక్టు కర్త డేనియల్ స్టెన్‌బర్గ్, ఏఐ అల్లిన ఉత్తుత్తి భద్రతా ఫిర్యాదులు చదవడంతోనే స్వచ్ఛంద సేవకుల సమయం హరించుకుపోతోందని పదేపదే చెప్పారు. ఫిర్యాదు పుట్టించడానికి నిమిషం, అది ఉత్తిదని తేల్చడానికి గంటలు.

తెలుగులో అడగడం

ప్రోగ్రామింగ్ గడప దగ్గర తెలుగు మాధ్యమం పిల్లలకు ఇన్నాళ్లూ మొదట ఎదురైంది లెక్క కాదు, ఇంగ్లిషు. దోషసందేశం ఇంగ్లిషులో, పత్రాలు ఇంగ్లిషులో, సందేహం అడిగే వేదిక ఇంగ్లిషులో. ఇప్పుడు ఆ సందేశాన్నే అతికించి ‘ఇదేమంటోంది, తెలుగులో చెప్పు’ అని అడగవచ్చు. లూపు ఎందుకు ఆగడం లేదో బడిలో మాట్లాడే తెలుగులోనే వివరణ వస్తుంది, విసుక్కోకుండా పదిసార్లు వస్తుంది. ఇందులో ఇంకా వెలితి ఉంది. ఇంగ్లిషు పాఠం మీద కట్టిన టోకెన్ల పద్ధతి తెలుగు మాటలను ఎక్కువ తునకలుగా విడగొడుతుంది. అదే భావానికి తెలుగులో టోకెన్లు ఎక్కువ, టోకెన్ల లెక్కన డబ్బు కట్టేచోట ఖర్చూ ఎక్కువ. కొత్త నమూనాల్లో ఈ తేడా కొంత తగ్గింది. తెలుగులో ప్రోగ్రామింగ్ పాఠాలు, వివరణలు, సందేహాలకు జవాబులు రాసి బహిరంగంగా పెట్టేవాళ్లు పెరిగితే నమూనాలు చెప్పే తెలుగు వివరణల నాణ్యత ఇంకా పెరుగుతుంది. ఇంగ్లిషులో ఆ పని స్టాక్ ఓవర్‌ఫ్లోలో పదిహేనేళ్లపాటు పేరు లేని లక్షలమంది చేశారు.